ఇంకో మెషీన్ కొనాలా? ముందు లైన్‌ని కంప్యూటర్‌లో నడిపి చూడండి

"సిమ్యులేషన్ నేర్చుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. ఎంటెక్ ప్రాజెక్టు నెత్తిమీదికి వచ్చినవాళ్లు ఒక రకం. బెంగళూరు పారిశ్రామిక వాడలైన పీణ్యలోనో బొమ్మసంద్రలోనో ప్రొడక్షన్ ప్లానింగ్‌లో ఉండి, "ఇంకో మెషీన్ కొందామా?" అని ఓనర్ అడిగితే ఏం చెప్పాలో తోచక టెన్షన్ పడేవాళ్లు ఇంకో రకం. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. సిమ్యులేషన్ అంటే షాప్‌కి కంప్యూటర్‌లో ఒక నకలు (మోడల్) కట్టి నడిపి చూడటం. సాఫ్ట్‌వేర్ సంగతి నాలుగో మెట్టులో వస్తుంది. నేరుగా అక్కడికి దూకితే మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. షాఫ్టులు చేసే చిన్న షాప్. రెండు సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే) టర్నింగ్ మెషీన్లు, ఒక్కో పీసుకు 5 నిమిషాలు. తర్వాత ఒకే ఒక్క వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషీన్), పీసుకు 3 నిమిషాలు. ఆ తర్వాత వాషింగ్: 20 పీసుల ట్రే నిండితేనే నడుస్తుంది, 12 నిమిషాలు పడుతుంది. చివర్లో ఇన్‌స్పెక్షన్ టేబుల్, పీసుకు 2 నిమిషాలు. షిఫ్ట్ 8 గంటలు. భోజనానికి 30, రెండు టీలకు 20 తీసేస్తే మిగిలేది 430 నిమిషాలు. ఈ అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని నేను పెట్టుకున్నవి. మీ షాప్‌వి మీరే కొలుచుకోవాలి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"అవుట్‌పుట్ పెంచాలి" అన్నది కోరిక. దాని మీద మోడల్ కట్టలేం. "రెండో వీఎంసీ కొంటే షిఫ్ట్‌కి ఎన్ని పీసులు పెరుగుతాయి, అది కొనకుండా రెండో సెట్టర్‌ని (మెషీన్లలో పనిముట్లు మార్చి సర్దే మనిషిని) పెట్టుకుంటే ఎన్ని పెరుగుతాయి?" అన్నది ప్రశ్న. అందులో ఏం తేల్చుకోవాలో ఉంది, దేన్ని కొలవాలో కూడా ఉంది.

మోడల్‌లో ఏం వదిలేయాలో కూడా ఈ వాక్యమే చెబుతుంది. డిస్పాచ్ లారీ ఎప్పుడొస్తుందన్నది ఈ ప్రశ్నకు అక్కర్లేదు, కాబట్టి మోడల్‌లో ఉండదు. ఆ వాక్యం కాగితం మీదికి రాకముందే కీబోర్డు ముట్టుకుంటే రెండు నెలల తర్వాత యానిమేషన్ బాగుంటుంది, జవాబు మాత్రం ఉండదు.

ఇంకో మాట. మీ లైన్‌లో సమయాలు పెద్దగా మారకపోతే, ఒకరి కోసం ఒకరు ఆగే పరిస్థితి లేకపోతే, ఎక్సెల్ చాలు. సిమ్యులేషన్ అవసరం పడేది హెచ్చుతగ్గులు, ఎదురుచూపులు రెండూ కలిసినచోటే.

2. పీసు వెంట నడవండి

ముడి కడ్డీ వచ్చే చోట మొదలుపెట్టి, పీసు ఎక్కడికి వెళ్తే మీరూ అక్కడికే వెళ్లండి. అది ఆగితే మీరూ ఆగండి. ఆగిన ప్రతిచోటా ఒకటే అడగండి: ఇది ఇప్పుడు దేని కోసం ఆగింది?

"మెషీన్ ఖాళీ లేదు" అన్నది సగం సందర్భాల్లోనే నిజం. మెషీన్ ఖాళీగానే ఉంటుంది, ఇన్సర్ట్ (కోత కోసే చిన్న ముక్క) మార్చే సెట్టర్ పక్క మెషీన్ దగ్గర ఉంటాడు. లేదా పీసు కొలిచే ఒక్క గేజ్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. లేదా ఖాళీ ట్రేలు అయిపోయి ఉంటాయి. లేఔట్ డ్రాయింగ్‌లో మెషీన్లు కనిపిస్తాయి, సెట్టర్ కనిపించడు. నా మొదటి మోడల్‌లో సెట్టర్ లేడు. మోడల్ చూపించిన ఉత్పత్తి ఆ షాప్ ఏనాడూ చేయనంత వచ్చింది. అది నా గొప్పతనమే అనుకున్నాను కూడా!

నడక అయ్యాక మీ కాగితం మీద ఇవన్నీ ఉండాలి:

- ప్రతి పనికీ కావాల్సిన మెషీన్, మనిషి, పనిముట్టు
- ప్రతి రెండు పనుల మధ్యా ఎన్ని పీసులు పెట్టే చోటుంది
- ఆ చోటు నిండితే వెనక మెషీన్ ఏం చేస్తుంది
- ముందు ఏ పీసు తీసుకోవాలన్నది ఎవరు, ఎలా నిర్ణయిస్తారు
- రీవర్క్ పీసు (తప్పు వచ్చి మళ్లీ పనికి వెళ్లేది) తిరిగి ఎక్కడికి చేరుతుంది
- టీ టైమ్‌లో ఏది ఆగుతుంది, ఏది ఆగదు (భోజనానికి వెళ్తూ వాషింగ్ ఆన్ చేసి వెళ్లడం మామూలే)

3. సమయాలు కొలవండి, సగటుతో సరిపెట్టుకోకండి

అసలు పనంతా ఇక్కడే ఉంది.

ఆపరేటర్‌ని "లోడింగ్‌కి ఎంతసేపు పడుతుంది?" అని అడిగితే "ఎరడు నిమిష సార్" అంటాడు. కన్నడంలోనైనా తెలుగులోనైనా ఆ రెండు నిమిషాలు రెండు నిమిషాలు కావు. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ఒకసారి నిమిషంన్నర, ఇంకోసారి రెండు, బర్ర్ (కోత అంచున మిగిలే పదునైన లోహం) గీసుకుని గుడ్డ కోసం వెతికినప్పుడు ఆరు. ఆ ఆరుని "తప్పు రీడింగ్" అని కొట్టేయకండి. లైన్‌ని ఆపేవి ఆ ఆర్లే.

ఎందుకో చిన్న లెక్కలో చూద్దాం. గేటు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి ఉందనుకోండి. సగటున ఏడున్నర నిమిషాలకో లారీ వస్తుంది, తూకానికి సగటున 6 నిమిషాలు. సగటులను బట్టి చూస్తే ఏ లారీ ఆగక్కర్లేదు, పైగా మధ్యలో నిమిషంన్నర ఖాళీ కూడా. అదే లారీల మధ్య ఎడం, తూకం సమయం రెండూ ఎక్స్‌పోనెన్షియల్ పద్ధతిలో (ఎక్కువసార్లు చిన్నవి, అప్పుడప్పుడూ చాలా పెద్దవి) మారుతుంటే ఒక్కో లారీ క్యూలో నిలబడేది సగటున 24 నిమిషాలు. గంటకు 8 లారీల బదులు 9 వస్తే 54 నిమిషాలు. తొమ్మిదిన్నర చొప్పున వస్తే 114. సగటులు పెట్టిన మోడల్ ఈ మూడింటికీ సున్నా అనే చెబుతుంది.

కొలిచేటప్పుడు పాటించాల్సినవి:

- మెషీన్ సమయం, చేతి సమయం విడివిడిగా రాయండి. సీఎన్‌సీ ప్రోగ్రామ్ సమయం దాదాపు మారదు. మారేది లోడింగ్, అన్‌లోడింగ్, కొలత.
- ఒక్కో పనికి కనీసం 30 రీడింగులు. అవన్నీ ఒకే ఉదయం తీసినవైతే లాభం లేదు. సోమవారం మొదటి గంట, శనివారం చివరి గంట, నైట్ షిఫ్ట్ కూడా ఉండాలి.
- మీరు చూస్తున్నారని ఆపరేటర్ వేగం పెంచుతాడు. మొదటి పావుగంట రీడింగులు పక్కన పెట్టండి.
- బ్రేక్‌డౌన్‌కి రెండు అంకెలు కావాలి: ఎంతసేపు నడిచాక ఆగింది, ఆగితే ఎంతసేపటికి లేచింది.

చివరిదాన్ని చాలామంది "అవైలబిలిటీ 90 శాతం" అని ఒక్క అంకెలో తేల్చేస్తారు. 45 నిమిషాలు నడిచి 5 నిమిషాలు ఆగే సీఎన్‌సీదీ 90 శాతమే, 18 గంటలు నడిచి 2 గంటలు ఆగేదానిదీ 90 శాతమే. మొదటిది ఆగితే వీఎంసీ ముందు ఒక్క పీసు నిల్వ ఉంటే చాలు, గడిచిపోతుంది. రెండోది ఆగినప్పుడు ఆ 2 గంటల్లో వీఎంసీకి 40 పీసులు కావాలి, రెండో సీఎన్‌సీ 24 మాత్రమే ఇస్తుంది. తక్కువ పడిన 16 పీసులు ముందే పేర్చి ఉంచకపోతే వీఎంసీ ఖాళీగా కూర్చుంటుంది.

ఇక ఏ డిస్ట్రిబ్యూషన్ (ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పే సూత్రం) వాడాలంటే: రీడింగులు బాగా ఉంటే వాటినుంచే యాదృచ్ఛికంగా తీసుకోండి, గొడవ ఉండదు. చేతి పనులకు లాగ్‌నార్మల్ గానీ గామా గానీ సాధారణంగా సరిపోతాయి. అరిగిపోయే భాగాల బ్రేక్‌డౌన్‌కి వైబుల్. నార్మల్ వాడితే అప్పుడప్పుడూ మైనస్ నిమిషాలు వస్తాయి, జాగ్రత్త.

డేటా లేనప్పుడు అందరూ పట్టుకునేది ట్రయాంగులర్: తక్కువలో తక్కువ, మామూలుగా, ఎక్కువలో ఎక్కువ. సూపర్‌వైజర్ "2, మామూలుగా 3, మహా అయితే 10" అన్నాడనుకోండి. దాని సగటు మూడింటి మొత్తాన్ని మూడుతో భాగిస్తే వస్తుంది, అంటే 5. ఆయన మనసులో ఉన్నది 3. ఆ "మహా అయితే" ఎన్నాళ్లకోసారి జరుగుతుందో అడిగి, నెలకోసారి జరిగేదైతే దాన్ని బ్రేక్‌డౌన్ కింద వేరుగా రాయండి.

4. ఇప్పుడు భాష, సాఫ్ట్‌వేర్

దీనికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ట్యాంకు మట్టం, ఫర్నేస్ వేడి లాంటి నిరంతరం మారేవాటికి ఓపెన్‌మోడెలికా, సిములింక్. పీసులు, లారీలు, ఆర్డర్లు లెక్కపెట్టే పనికి డిస్క్రీట్ ఈవెంట్ సాధనాలు. మనది రెండోది.

పైథాన్ భాష వస్తే అందులోని సిమ్‌పై లైబ్రరీ తీసుకోండి, ఉచితం. కోడ్ వద్దు, బొమ్మలు లాగి పెట్టుకుంటానంటే జామ్‌సిమ్, అదీ ఉచితమే. కంపెనీ డబ్బు పెడితే అరీనా, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్, ప్లాంట్ సిమ్యులేషన్ ఉన్నాయి. ఎనీలాజిక్‌కి నేర్చుకునేవాళ్ల కోసం ఉచిత ఎడిషన్ ఉంది గానీ దానితో కంపెనీ పని చేయకూడదు.

ఏది పట్టుకున్నా లోపలి వ్యాకరణం ఒకటే: పట్టుకో, సమయం గడుపు, వదులు. ఒకదానిలో ఇది వంటబడితే రెండోదానికి వారం చాలు.

5. కోడ్ రాయకముందే చేతిలెక్క వేయండి

హెచ్చుతగ్గులన్నీ తీసేసి, బ్రేక్‌డౌన్లు లేవనుకుని, ఖాళీ లైన్‌తో మొదటి షిఫ్ట్‌లో ఎన్ని పీసులు పూర్తవుతాయో కాగితం మీద లెక్కేయండి.

ఎక్సెల్ చెప్పేది 430ని 3తో భాగిస్తే 143. మనం పీసు వెంట నడుద్దాం. మొదటి పీసు సీఎన్‌సీ నుంచి 5వ నిమిషంలో వస్తుంది. అక్కడినుంచి వీఎంసీ 3 నిమిషాలకొకటి ఇస్తుంది. 20 పీసుల మొదటి ట్రే 65వ నిమిషంలో నిండుతుంది. 77కి వాషింగ్ అవుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి 40 నిమిషాలు, అంటే 117వ నిమిషానికి మొదటి 20 చేతికొస్తాయి. ఆపైన గంటకో ట్రే. ఆరో ట్రే 417కి పూర్తి. ఏడో ట్రే వాషింగ్ నుంచి బయటికొచ్చేది 437కి, అప్పటికి షిఫ్ట్ అయిపోయింది. జవాబు 120.

మోడల్‌ని ఇదే స్థితిలో నడపండి. సరిగ్గా 120 రావాలి. 119 వచ్చినా 121 వచ్చినా "దగ్గర్లోనే ఉందిలే" అనుకోవద్దు, ఎక్కడో తప్పుంది. 141 వస్తే మీరు లెక్కపెడుతున్నది ఇన్‌స్పెక్షన్ దగ్గర కాదు, వీఎంసీ దగ్గర. తర్వాత వాషింగ్ సమయం మార్చకుండా ట్రేని 20 నుంచి 10కి తగ్గించి నడపండి: 130 రావాలి.

ఆ తర్వాతే ఒక్కొక్కటీ చేర్చండి, చేర్చిన ప్రతిసారీ నడిపి చూడండి. ముందు హెచ్చుతగ్గులు, తర్వాత బ్రేక్‌డౌన్లు, తర్వాత సెట్టర్, చివరికి రీవర్క్. అన్నీ ఒకేసారి పెట్టి నడిపితే అంకె తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియదు.

వేబ్రిడ్జి ఉదాహరణ కూడా విడిగా మోడల్ చేసి 24 నిమిషాలు వస్తున్నాయో లేదో చూసుకోండి. దాన్ని వేల గంటలు నడపాలి. ఒక్క రోజు నడిపితే 10 రావచ్చు, 50 రావచ్చు.

6. అందరూ చేసే తప్పులు, వాటి మరమ్మతు

మెషీన్‌ని ముందే వదిలేయడం. సీఎన్‌సీలో పీసు పని అయింది, కానీ వీఎంసీ ముందు చోటు లేదు. నిజం షాప్‌లో పీసు సీఎన్‌సీలోనే ఉంటుంది, మెషీన్ ఆగిపోతుంది. కోడ్‌లో ఈ వరసలో రాయండి: సీఎన్‌సీని పట్టుకో, 5 నిమిషాలు గడుపు, ముందు చోటు దొరికేదాకా ఆగు, అప్పుడు సీఎన్‌సీని వదులు. చివరి రెండూ తారుమారైతే లైన్ ఎప్పుడూ ఆగదు.

చోటుకు హద్దు పెట్టకపోవడం. మన రెండు సీఎన్‌సీలు గంటకు 24 ఇస్తాయి, వీఎంసీ 20 తీసుకుంటుంది. హద్దు లేకపోతే గంటకు 4 చొప్పున పేరుకుని 25 షిఫ్టుల్లో 700 పీసులు దాటుతాయి. అంత సరుకు పెట్టే చోటు ఆ షాప్‌లో ఎక్కడుంది?

పైథాన్‌లో ఎక్స్‌పోవేరియేట్. ఇది ఎక్స్‌పోనెన్షియల్ విలువలిచ్చే ఫంక్షన్. దానికి సగటు ఇవ్వకూడదు, సగటుకు విలోమం ఇవ్వాలి. 6 నిమిషాల సగటు కావాలని 6 ఇస్తే వచ్చే సగటు 10 సెకన్లు. నమ్‌పైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) ఎక్స్‌పోనెన్షియల్‌కి మాత్రం సగటే ఇవ్వాలి. ఇక్కడినుంచి అక్కడికి కాపీ కొట్టేటప్పుడే దెబ్బతింటారు.

పైథాన్‌లో ట్రయాంగులర్. మామూలు ర్యాండమ్ మాడ్యూల్‌లో వరస తక్కువ, ఎక్కువ, మామూలు. నమ్‌పైలో తక్కువ, మామూలు, ఎక్కువ. మొదటిదానికి పొరపాటున 2, 3, 10 వరసలో ఇస్తే ఎర్రర్ రాదు. చక్కగా నడుస్తుంది, విలువ ఒక్కసారి కూడా 5 దాటదు. ఏ ఫంక్షన్ వాడినా ముందు పదివేల విలువలు తీసి సగటు, కనిష్ఠం, గరిష్ఠం చూసుకుంటే ఈ రెండు తప్పులూ నిమిషంలో బయటపడతాయి.

సిమ్‌పైలో ఈల్డ్ మర్చిపోవడం. సమయం గడపడానికి టైమవుట్ అని రాస్తారు, అది గడిచేదాకా ఆగమని చెప్పే ఈల్డ్‌ని ముందు రాయరు. ఆ పనికి సున్నా నిమిషాలు పడుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఐదో మెట్టులోని 120 పరీక్ష దీన్ని పట్టేస్తుంది.

సెకన్లు, నిమిషాలు కలిపేయడం. సిమ్‌పైకి యూనిట్లు తెలియవు. ఫైల్ మొదటి లైన్‌లోనే "ఇందులో అన్నీ నిమిషాలు" అని రాసి పెట్టుకోండి.

మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇన్సర్ట్ విరగడం. ఇన్సర్ట్ కోత కోస్తున్నప్పుడే విరుగుతుంది. కరెంటు ఎప్పుడైనా పోతుంది. మొదటిదాన్ని కోత నిమిషాల్లో లెక్కించండి, రెండోదాన్ని గోడ గడియారంతో.

7. నిజం షాప్‌తో పోల్చండి

మోడల్ మీరు అనుకున్నట్టు నడుస్తోందా అన్నది ఐదో మెట్టులో చూశాం. షాప్ నడిచినట్టు నడుస్తోందా అన్నది వేరే ప్రశ్న.

గడిచిన రెండు మూడు వారాల ప్రొడక్షన్ రిజిస్టర్ తీసుకోండి. అదే కాలానికి మోడల్ ఇచ్చే అంకెలు పక్కన పెట్టండి. సగటు కలిస్తే సరిపోదు. మంచి రోజుకీ చెడ్డ రోజుకీ మధ్య తేడా కూడా సుమారుగా కలవాలి. రిజిస్టర్‌లో రోజూ గుండ్రటి అంకెలే కనిపిస్తే అది లెక్కపెట్టకుండా నింపిన రిజిస్టర్, డిస్పాచ్ చలాన్లు అడగండి.

లిటిల్ సూత్రంతో ఇంకో పరీక్ష. గంటకు 20 పీసులు బయటికొస్తూ, ఒక్కో పీసు లైన్‌లో సగటున 3 గంటలు ఉంటే, లైన్‌లో ఏ క్షణానైనా సగటున 60 పీసులుండాలి. మోడల్ ఇచ్చే మూడు అంకెలూ ఇలా అతకకపోతే మీరు లెక్కపెట్టే పద్ధతిలోనే లోపముంది. షాప్‌లోకి వెళ్లి ట్రేలు లెక్కపెడితే నిజంగా ఎన్ని ఉన్నాయో కూడా తెలిసిపోతుంది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష సూపర్‌వైజర్. వీఎంసీ ముందు క్యూ గంటగంటకూ ఎలా మారిందో గ్రాఫ్ చూపించి ఊరుకోండి, ఏమీ చెప్పకండి. "పదకొండింటికి ఇంత సరుకు ఎక్కడుంటుంది సార్, అప్పుడు సెట్టింగ్ కదా" అని ఆయన అంటే మీకు తెలియని నియమం ఒకటి దొరికినట్టే. రెండో మెట్టుకి వెళ్లి దాన్ని చేర్చండి.

8. ఎన్నిసార్లు, ఎంతసేపు నడపాలి

మొదటి షిఫ్ట్‌లో 120 ఎందుకొచ్చింది? లైన్ ఖాళీగా మొదలైంది కాబట్టి. నిజం షాప్‌లో రాత్రి ఆగిన సరుకు పొద్దున అక్కడే ఉంటుంది. కాబట్టి మోడల్‌ని కొన్ని షిఫ్టులు నడిపి, షిఫ్ట్ ఉత్పత్తి నిలకడకు వచ్చేదాకా ఉన్న అంకెలు పారేయాలి. దీన్నే వార్మప్ అంటారు. ఎన్ని షిఫ్టులన్నది గ్రాఫ్ గీసి కంటితో చూసి తేల్చుకోండి. క్యాంటీన్ లాంటిది రోజూ ఖాళీగానే తెరుచుకుంటుంది, దానికి వార్మప్ అక్కర్లేదు.

ఒక్కసారి నడిపి అంకె చెప్పడం ఒక్కసారి పాచికలు వేసి చెప్పడంతో సమానం. వేరువేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక అంకెల వరసను మొదలుపెట్టే సంఖ్యలు) కనీసం 10 సార్లు నడపండి. షిఫ్ట్‌కి సగటు 132, స్టాండర్డ్ డీవియేషన్ 7 వచ్చిందనుకుందాం. 10 రన్‌లకు 95 శాతం నమ్మకంతో గుణకం 2.262. దాన్ని 7తో గుణించి 10 వర్గమూలంతో భాగిస్తే దాదాపు 5. అంటే సగటు 127, 137 మధ్య ఉందనాలి. ఆ వెడల్పు సగం కావాలంటే రన్‌లు రెట్టింపు చాలవు, సుమారు నాలుగు రెట్లు కావాలి.

రెండో వీఎంసీనీ రెండో సెట్టర్‌నీ పోల్చేటప్పుడు రెండిటికీ అవే సీడ్‌లు వాడండి. బ్రేక్‌డౌన్లకు ఒకటి, లోడింగ్‌కి ఒకటి, ఇలా ప్రతిదానికీ వేరు సీడ్ ఉంటేనే ఇది పనిచేస్తుంది. అప్పుడు రెండు షాపులకూ ఒకే రకం చెడ్డ రోజులు ఎదురవుతాయి. రన్‌కి రన్‌కి తేడా తీసి, ఆ తేడాలకే పై లెక్క వేయండి.

9. ఓనర్ ముందు పెట్టడం

యానిమేషన్ ఒక నిమిషం చూపించండి, చాలు. ఆ తర్వాత ఒకే పేజీ. ఇప్పటి స్థితి, రెండో వీఎంసీ, రెండో సెట్టర్ మూడు వరసల్లో. ప్రతిదానికీ షిఫ్ట్ ఉత్పత్తి హద్దులతో, లైన్‌లో ఆగే సరుకు, వీఎంసీ దేని కోసం ఎంతసేపు ఆగిందన్న విభజన. ఓనర్ మొదట చూసేది ఆ విభజనే. "సెట్టర్ కోసం ఇంతసేపా?" అని ఆయనే అడుగుతాడు.

ఇచ్చేముందు చూసుకోండి:

- మొదటి మెట్టులోని వాక్యానికి ఈ పేజీ నేరుగా జవాబిస్తోందా
- కొలిచిన అంకెలేవి, సూపర్‌వైజర్ చెప్పినవేవి అని విడిగా రాశారా
- అనుమానమున్న అంకెలను 20 శాతం అటూ ఇటూ మార్చి నడిపితే జవాబు తిరగబడుతోందా
- సీడ్‌లు, వార్మప్, రన్‌ల సంఖ్య, కొలిచిన తేదీలు ఫైల్‌లో ఉన్నాయా

మూడోదానిలో తిరగబడితే జవాబు చెప్పకండి. ఏ అంకె వల్ల తిరగబడిందో ఓనర్‌కి చెప్పి, ఇంకో వారం టైమ్ అడిగి, స్టాప్‌వాచ్ తీసుకుని ఆ ఒక్క పని దగ్గరికే మళ్లీ వెళ్లండి.